బొగ్గుగనుల చెంత నీటిమట్టపు బావులు

సింగరేణి ప్రాంతమున గనిని గూడ “బొగ్గుబావి” యనియే పిలుతురు. ఒక బావి బొగ్గు నిచ్చును. వేరొకటి పైరునకు నీరిచ్చును. ఈ రెంటికి తగవు వచ్చినపుడు సాక్ష్యము పలుకుటకు మూడవ బావి యొకటి కలదు. దానినుండి యెవ్వరును నీరు తోడరు. నాలుగు మొదలు ఆరంగుళముల గొట్టమొకటి నేలపై మూరెడు పొడవున నిలిచి, మూత వేయబడి యుండును. అధికారులు దానిని పీజోమీటరు అందురు. మన సభ్యులలో పెక్కుమంది దానిని పాడుపడిన బోరని తలచి ప్రక్కనుండియే పోవుచున్నారు. మన బావుల లెక్క అందులో నిమిడి యున్నది గనుక దానిని గూర్చి యీ నెల వ్రాయుచున్నాము.

1871లో ఇల్లెందు చెంత బొగ్గు బయల్పడిన నాటినుండి గోదావరి లోయలో త్రవ్వకము విస్తరించుచునే యున్నది. ఇచ్చట బొగ్గు ఇసుకరాతి పొరల నడుమ పలకలవలె పరచుకొని యుండును. ఇసుకరాయి నీటిని పట్టి యుంచును; నడుమనుండు బొగ్గును, బంకమన్ను గట్టిపడిన రాతిపొరలును నీటిని సులభముగ క్రిందికి జారనీయవు. కావున రెండంతస్తుల యింటివలె పైపొర నీరు వేరు, క్రిందిపొర నీరు వేరు. గనిలో పని సాగుటకై నీటిని రేయింబవళ్లు తోడి వెలుపల పోయుదురు. అందుచే గని చుట్టును నీటిమట్టము గరాటువలె పల్లమగును. ఆ పల్లము ఏ పొరలో నెంతదూరము ప్రాకినదో చెప్పుటయే ఈ బావి పని.

ఒక బావి ఒక్క పొర మాటయే చెప్పవలెను. ఇందే దాని నిర్మాణ రహస్యమంతయు నున్నది. బోరు వేయునపుడు పైకి వచ్చు రాతిపొడిని చూచి, ఏ లోతున ఏ పొర తగిలినదో వ్రాసికొనవలెను. గొట్టమునకు చీలికలు ఆ యొక్క పొర యెదుటనే యుండవలెను. తక్కిన భాగమునకు చిల్లు పనికిరాదు. చీలికల చుట్టును కడిగిన సన్నగులక పోసి, దానిపై బెంటొనైటు అను బంకమన్నును బిరడావలె బిగింపవలెను. ఈ మన్ను నీరు తగిలిన నుబ్బి సందులను మూయును. అటుపై నేలవరకు సిమెంటు పోసి, పిదప లోని బురద తేరు వరకు నీటిని వెడలగొట్టవలెను. క్రిందిపొర సంగతి కావలసిన, ప్రక్కనే లోతుగా మరియొక బావి వేయవలెను.

ఖర్చు తగ్గునని బిరడా మాని, గొట్టము పొడవునను చీలికలు వేయువారు కలరు. అట్టి బావిలో కనబడు మట్టము పైదియు గాదు, క్రిందిదియు గాదు. అంతకంటె కీడేమనగా, పైపొర నీరు ఆ గొట్టము వెంటనే క్రిందికి దిగిపోవును. మట్టము చూచుటకు వేసిన బావియే మన మోటబావులను ఎండగట్టును! అట్టిది లేకుండుటయే మేలని మా యభిప్రాయము.

బావి ఎండినపుడు “వానలు లేవు” అని గనివారందురు. “గని మూలమున” అని రైతులందురు. ఊరక వాదించిన తేలదు. గని పల్లము చేరనంత దూరమున, అదే పొరలో ఒక బావి యుండవలెను. కరవు వచ్చిన రెండుచోట్లను మట్టము తగ్గును. గని చెంత మాత్రమే తగ్గిన కారణము వేరు. త్రవ్వకమునకు ముందటి లెక్క లేనిచో ఈ పోలికయు బలహీనపడును. కావున క్రొత్త గనికై ప్రజాభిప్రాయ సేకరణ జరుగునపుడు, ఏ పొరలో ఎన్ని బావులు వేసిరి, చీలికలు ఏ లోతున నున్నవి, బిరడా ఎచ్చట వేసిరి, ముందటి లెక్క ఎన్ని నెలలది యని మనవారు అడుగవలెను. అనుమతి షరతులలో సామాన్యముగ ఏటికి నాలుగుసార్లు, అనగా మే, ఆగస్టు, నవంబరు, జనవరి నెలలలో, మట్టము చూడవలెనని యుండును. నీరు తోడు బోరునకు ఈ బావి కనీసము 50 మీటర్ల యెడముగ నుండవలెను. లేనిచో ఆ మోటారు ఆటయే ఇందు కనబడును.

మన బావుల లెక్క మనమును వ్రాయవచ్చును. దానికి యంత్రమక్కరలేదు. బావిగట్టుపై ఒకచోట చెరగని రంగుతో గుర్తు పెట్టి, ఎల్లప్పుడు అచ్చటనుండియే కొలువవలెను. ముందురాత్రి మోటారు ఆపి, తెల్లవారుజామున, చాకుపిండి రాచిన టేపునకు బరువు కట్టి దింపిన తడిసినంతమేర తెలియును. ప్రతినెల ఒకే తేదీన కొలిచి, ఆ నెల కురిసిన వానను గూడ అదే పుటలో వ్రాసికొని, ఆ పుస్తకమును సంఘపు గుమాస్తావద్ద నుంచవలెను. ఇరుగుపొరుగు బావులవారు అదే దినమున కొలిచిన మరియు మంచిది.