ఎంజైము ఆగిన చోట

ఆర్.ఎన్.ఎ. అంటే ఎ, యు, జి, సి అనే నాలుగక్షరాల రాత అని మనమంతా చదువుకున్నాం. కానీ రాసిన తర్వాత జీవకణం ఆ అక్షరాలకు మార్పులు చేస్తుంది. అలాంటివి 170కి పైగా తెలిశాయి. 1951లో మొదట బయటపడినది సూడోయురిడిన్. యురిడిన్‌లో బేస్ చక్కెరకు అతికే చోటు మారితే అదే ఇది. బరువు మాత్రం ఒక్కటే.

ఇంత చిన్న తేడాతో పనేమిటంటారా? ఇలా మార్చిన ఆర్.ఎన్.ఎ.ను శరీరం శత్రువుగా చూడటం తగ్గుతుందని 2005లో కారికో, వైస్‌మన్ చూపారు. కోవిడ్ ఎం.ఆర్.ఎన్.ఎ. టీకాలకు అదే దారి వేసింది. 2023లో వారికి నోబెల్ వచ్చింది.

మరి గుర్తుపట్టడమెలా? ఆర్.ఎన్.ఎ.ను చూసి డి.ఎన్.ఎ. నకలు రాసే రివర్స్ ట్రాన్స్‌క్రిప్టేజ్, సూడోయురిడిన్‌ను మామూలు యు అనుకుని సాగిపోతుంది. అందుకే 1993లో బాకిన్, ఆఫెన్‌గాండ్ సి.ఎం.సి. అనే రసాయనం కలిపారు. తర్వాత క్షారంలో ఉంచితే అది మిగతా అక్షరాలను వదిలి సూడోయురిడిన్‌నే పట్టుకుంటుంది. ఎంజైము దానికి ఒక అక్షరం ముందే ఆగిపోతుంది. 2014 నుంచి ఆ నకళ్లను సీక్వెన్సింగ్ యంత్రాలతో చదివి, వేల ఆర్.ఎన్.ఎ.లను ఒకేసారి వెతుకుతున్నారు.

మా వరికుంటపాడు మెట్ట చేలల్లో నాగలి రాయి తగిలినా ఆగుతుంది, వేరు తగిలినా ఆగుతుంది. ఎంజైమూ అంతే, ఆర్.ఎన్.ఎ. తెగినా, మడతపడినా ఆగుతుంది. అందుకని రసాయనం కలపని నమూనానూ పక్కన పెట్టి చూస్తారు. కలిపిన దాంట్లోనే కనబడే ఆగుడే సాక్ష్యం. మన ప్రాక్టికల్స్‌లో విసుక్కుంటూ చేసే 'బ్లాంక్' విలువ అదే!