వైద్య పరిశోధనలో వికలాంగులు

కాలు చచ్చుబడిన బాలునికిగాని, చెవులు వినబడని బాలికకుగాని సైన్సు చదువు తగదని చెప్పువారు నేటికిని గలరు. ప్రయోగశాలలో నిలువలేరనియు, పాఠము వినలేరనియు వారి వాదము. ఇది యెంత దుర్బలమో ఇరువురు వైద్యుల చరిత్రలవలన తెలియును.

అమెరికాలోని బాల్టిమోరు నగరమున, జాన్స్ హాప్కిన్స్ ఆసుపత్రిలో పిల్లల హృద్రోగ విభాగమును 1930 నుండి హెలెన్ టాసిగ్ అను వైద్యురాలు నడపుచుండెను. ఆమెకు క్రమముగ వినికిడి తగ్గిపోయెను. గుండె చప్పుడు వినలేనివారు గుండె జబ్బు నెట్లు గుర్తింతురు? ఆమె శిశువు ఱొమ్ముపై చేయి యుంచి, స్పర్శచేతనే గుండె కదలికలలోని తేడాలను పసిగట్ట నేర్చెను. పుట్టుకతోనే గుండెలో లోపముండి, ఊపిరితిత్తులకు చాలినంత రక్తమందక, పెదవులును గోళ్లును నీలివర్ణము దాల్చిన పిల్లలు ఆమెయొద్దకు వచ్చుచుండిరి. మరియొక దారిని ఊపిరితిత్తులకు రక్తము పంపినచో వారు బ్రతుకుదురని ఆమె యోచించెను. వివియన్ థామస్ ప్రయోగశాలలో కుక్కలపై ఆ విధానమును తీర్చిదిద్దెను. 1944 నవంబరు 29వ తేదీన ఆల్ఫ్రెడ్ బ్లాలక్ తొలి శస్త్రచికిత్స చేసెను. చేతికి పోవు రక్తనాళమును ఊపిరితిత్తుల నాళమునకు కలుపుటయే ఆ చికిత్స.

మన దేశమున సురేశ్ అద్వానీగారికి ఎనిమిదవ యేట పోలియో సోకెను. చక్రముల కుర్చీలో తిరుగువానికి వైద్యవిద్య యేలయని మొదట ప్రవేశము నిరాకరించిరి. ఆయనయే 1983లో బొంబాయి టాటా మెమోరియల్ ఆసుపత్రిలో ఎముక మూలుగ మార్పిడి చికిత్సకు మన దేశమున మార్గదర్శి యయ్యెను. 2012లో పద్మభూషణ్ పొందెను.

అయితే ఇట్టి పట్టుదలను పొగడి ఊరకుండుట న్యాయము కాదు. పట్టుదల లేని సామాన్యునకు సైతము మెట్ల ప్రక్కన వాలుదారి, కూర్చుండి పనిచేయుటకు వీలైన బల్ల, అక్షరములను చదివి వినిపించు కంప్యూటరు, సైగల భాషలో చెప్పువారు ఉండవలెను. పరిశోధకులలో చెవిటివారొక్కరును లేనిచో, ప్రశ్నలన్నియు నోటిమాటగనే అడుగబడును. చెవిటి రోగుల బాధ లెక్కకే రాదు. తనకు రాని భాషలో అచ్చైన దరఖాస్తు ముందు కూర్చున్న మనవారికి ఈ సంగతి వివరింప బనిలేదు.

2016 నాటి వికలాంగుల హక్కుల చట్టము ప్రకారము, 40 శాతమునకు తక్కువ గాని వైకల్యము గలవారికి ప్రభుత్వ, ప్రభుత్వ సహాయము పొందు ఉన్నత విద్యాసంస్థలలో నూటికి 5 స్థానములకు తగ్గకుండ కేటాయింపవలెను. ప్రవేశ వయస్సులో 5 ఏండ్ల సడలింపును గలదు. దరఖాస్తుతోపాటు వైకల్య ధ్రువపత్రము కావలసియుండును గనుక, తల్లిదండ్రులు దానిని ముందుగనే సంపాదించి యుంచవలెను.