ఎంచేది ఒకరు, నకలు తీసేది మరొకరు

లైనక్స్ కంప్యూటర్లలోనూ, యూనిక్స్ వంశానికే చెందిన ఆపిల్ మ్యాక్ కంప్యూటర్లలోనూ ఫైళ్లకు నకళ్లు తీసే పనిని ‘సీపీ’ అనే చిన్న ప్రోగ్రాం చేస్తుంది. వాడుకరి టైపు చేసిన ఆదేశాన్ని చదివి, తగిన ప్రోగ్రాంను పిలిచి, పని అప్పగించే మధ్యవర్తిని షెల్ అంటారు. ఫోల్డర్‌లోని ఫైళ్లన్నీ కాక కొన్నే కావలసినప్పుడు, వాటిని సీపీయే వెతికి తెస్తుందని చాలామంది అనుకుంటారు గాని, నిజానికి సీపీకి ఎంపిక చేయడం రాదు. చేతికందిన పేర్లకు నకళ్లు తీయడమే దానికి తెలిసిన విద్య.

సీపీ అని రాసి, పక్కన ‘స్టార్ డాట్ జేపీజీ’ అనీ, చివర గమ్యమైన ఫోల్డర్ పేరూ ఇచ్చినప్పుడు, ఆ నక్షత్రం గుర్తు సీపీ కంటబడనే పడదు. షెల్ ముందుగానే ఆ గుర్తును తీసేసి, దానికి సరిపోయే ఫైళ్ల పేర్లన్నిటినీ అక్కడ వరుసగా పేర్చి, ఆ జాబితానే సీపీకి అందిస్తుంది. కెన్ థాంప్సన్, డెనిస్ రిచీ 1969లో అమెరికాలోని బెల్ ల్యాబ్స్‌లో మొదలుపెట్టిన యూనిక్స్ తొలి రూపాల్లో ఈ పనికి ‘గ్లాబ్’ అనే వేరే ప్రోగ్రాం ఉండేది. తరువాత ఆ పని షెల్‌లోనే కలిసిపోయినా, గ్లాబింగ్ అన్న మాట నేటికీ నిలిచింది. చుక్కతో మొదలయ్యే పేర్లను నక్షత్రం మామూలుగా పట్టించుకోదు; లైనక్స్‌లో ఇంగ్లీషు చిన్నబడి, పెద్దబడి అక్షరాలు వేర్వేరు గనుక, కెమెరా పెద్దబడిలో జేపీజీ అని పేరు పెట్టిన ఫోటోలు చిన్నబడిలో రాసిన నమూనాకు దొరకవు.

ఈ శ్రమ విభజన ఎంత ప్రమాదకరమో ఒక చిన్న పొరపాటు చూపుతుంది. ఫోల్డర్‌లో సరిగ్గా రెండే ఫోటోలుండి, వాడుకరి గమ్యం పేరు రాయడం మరిస్తే, షెల్ ఆ రెండు పేర్లనే సీపీకి అందిస్తుంది. సీపీ మొదటిదాన్ని మూలంగా, రెండోదాన్ని గమ్యంగా భావించి, రెండో ఫోటోపై మొదటి ఫోటోను రాసేస్తుంది. మామూలు అమరికలో హెచ్చరిక ఏదీ రాదు. సీపీ దృష్టిలో తప్పేమీ జరగలేదు మరి.

పేరును బట్టి కాక, గత 7 రోజుల్లో మారినవి, 10 మెగాబైట్లకు మించినవి అంటూ లక్షణాలను బట్టి, లోపలి ఫోల్డర్లను సైతం గాలించి ఎంచవలసి వస్తే ‘ఫైండ్’ అనే ప్రోగ్రాం అక్కరకొస్తుంది. అది కనుగొన్న పేర్లను, ఒక ప్రోగ్రాం ఫలితాన్ని మరో ప్రోగ్రాంకు చేరవేసే పైపు గుండా ‘ఎక్సార్గ్స్’ అనే ప్రోగ్రాం అందుకుని, కట్టలు కట్టి సీపీకి ఇస్తుంది. డగ్ మెక్‌ఇల్‌రాయ్ పట్టుదల వల్ల 1973లో యూనిక్స్‌లోకి వచ్చిన పైపులో పారేవి వట్టి బైట్లే కాబట్టి, ఎక్కడ ఒక పేరు ముగిసి మరొకటి మొదలవుతుందో ఎక్సార్గ్స్ ఊహించుకోవాలి. ఖాళీ కనబడితే పేరు ముగిసిందనుకోవడం దాని అలవాటు. అందుకే ‘పెళ్లి ఫోటో’ అని పేరున్న ఫైలు దానికి ‘పెళ్లి’గా ఒకటి, ‘ఫోటో’గా ఒకటి, రెండు ముక్కలై కనిపిస్తుంది, రెండూ దొరకవు. యూనిక్స్ ఫైలు పేరులో ఉండకూడనివి రెండే: ఏటవాలు గీత, విలువ సున్న అయిన బైటు. రెండోదాన్నే పేర్ల మధ్య సరిహద్దుగా పెట్టమని ఫైండ్‌కు ‘ప్రింట్ జీరో’ అనీ, ఆ సరిహద్దునే నమ్మమని ఎక్సార్గ్స్‌కు ‘సున్న’ అనీ సూచిస్తే చిక్కు తీరుతుంది. తెలుగు లిపిలో పేర్లు పెట్టుకున్నా ఇబ్బంది లేదు. కాకపోతే యూటీఎఫ్-8 పద్ధతిలో ప్రతి తెలుగు సంకేతానికి 3 బైట్లు పడతాయి గనుక, శ, పొల్లు, ర, ఈకారం కలిసిన ‘శ్రీ’ ఒక్కటే 12 బైట్లు తింటుంది, లైనక్స్ ఫైలు పేరుకు సాధారణంగా ఉండే 255 బైట్ల హద్దు 85 సంకేతాలకే నిండిపోతుంది.

వేర్వేరు ఫోల్డర్లలో ఒకే పేరున్న ఫైళ్లను ఫైండ్ ఒక్కొక్కటిగా సీపీకి అప్పగించి ఒకే చోటికి చేర్చినప్పుడు, చివరిది ముందువాటిని చెరిపి కూర్చుంటుంది. ఉన్నదానిపై రాయవద్దని సీపీకి చెప్పడానికి ‘ఎన్’ అనే అక్షరం ఉంది. ఆండ్రూ ట్రిడ్జెల్, పాల్ మకెరాస్ 1996లో విడుదల చేసిన మరో నకలు ప్రోగ్రాం ‘ఆర్‌సింక్’లో అదే అక్షరానికి అర్థం వేరు: ఏదీ నకలు తీయకుండా, తీస్తే ఏవేవి వెళ్తాయో చూపమని. సీపీకి అలాంటి సౌకర్యం లేదు గాని, ఆదేశం ముందు ‘ఎకో’ అన్న మాట చేరిస్తే, షెల్ సిద్ధం చేసిన జాబితా యథాతథంగా తెరపై పడుతుంది; గమ్యం పేరు మరచిన సందర్భంలో అక్కడ సీపీ అన్న మాట, దాని పక్కన రెండు ఫోటోల పేర్లు మాత్రమే కనిపిస్తాయి.