ఒక్క చుక్క చాలు

కందెన ఎంత పూస్తే చక్రం అంత సాఫీగా సాగుతుందని బండి తోలేవారి నమ్మకం. యో-యో విషయంలో ఈ నమ్మకం తలకిందులవుతుంది.

1928లో పెడ్రో ఫ్లోరెస్ అనే ఫిలిపినో జాతీయుడు కాలిఫోర్నియాలో తయారుచేయించిన యో-యోలలో దారం ఇరుసు చుట్టూ వదులైన ఉచ్చులా తిరిగేది. నేటి పోటీ యో-యోల నడుమ అరంగుళం వ్యాసం గల బాల్ బేరింగు ఉంటుంది. తుప్పు పట్టకుండా తయారీదారులు పూసిన చమురు తరచు అందులో మిగిలిపోయి, ఉక్కు గోళీలకు అడ్డుపడుతుంది. దారం కొసన యో-యో ఎక్కువసేపు తిరగకపోతే ఆటగాడు ఇంకా నూనె పోస్తాడు. అది మరింత మొరాయిస్తుంది!

దానికి కావలసినది స్నానం. పక్కరేకులు ఊడదీసి, బేరింగును ఎసిటోన్ పోసిన చిన్న గాజుసీసాలో వేసి ఆడించాలి. గాలి ఆడే చోట, మంటకు దూరంగా సుమా! ప్లాస్టిక్ యో-యోను ఆ ద్రవం దరికి రానీయరాదు. మడ్డి వదిలాక పూర్తిగా ఆరనివ్వాలి. పొడి బేరింగు చాలాసేపు తిరుగుతుంది గాని రొదచేస్తుంది, త్వరగా అరుగుతుంది. అందుకే సూదిమొనతో పలుచని నూనె ఒక్క చుక్క. ఆపైన ఆడుతూ మచ్చిక చేసుకోవడమే. నూనె సర్దుకునే కొద్దీ తిరుగుడు సాఫీ అవుతుంది.

కొత్తగా నేర్చుకునేవారు మాత్రం చిక్కని చమురునే ఉంచుకోవడం మేలు. ఆ పట్టు ఉన్నందువల్లనే చిన్న కుదుపుకు యో-యో చేతికి తిరిగివస్తుంది.