తీఖుర్ కన్ను పెరట్లో నాటితే అడవికి ఊరట

బీజాపూర్ (ఛత్తీస్‌గఢ్): వేసవిలో ఒంటికి చలువ చేస్తుందని షర్బత్‌లో కలుపుకునేందుకు, ఉపవాస దినాలలో హల్వా, బర్ఫీ వండుకునేందుకు బస్తర్ వాసులు తీఖుర్ పిండిని వాడతారు. తెలుగువారు పాలగుండ అని పిలిచేది దీనినే. అదే పేరుతో దుకాణాలలో దొరికే ఆరారూట్ వేరొక మొక్క నుంచి వస్తుంది. తీఖుర్ పసుపు, అల్లం కుటుంబానికి చెందినది. శాస్త్రీయ నామం కర్క్యుమా అంగుస్టిఫోలియా.

ఈ దుంపలను ప్రజలు తరతరాలుగా అడవి నుంచే తవ్వి తెచ్చుకుంటున్నారు. దుంపలు, వేళ్ల వంటి చిన్నతరహా అటవీ ఉత్పత్తులపై అడవి బిడ్డలకు 2006 నాటి అటవీ హక్కుల చట్టం యాజమాన్య హక్కు కల్పించింది. హక్కు ఉన్నా మొక్క మిగలాలి కదా! తవ్విన చోట మరుసటి తొలకరికి మళ్లీ మొలక వస్తుందా లేదా అన్నది గుంటలో ఏమి వదిలారన్న దానిపై ఆధారపడి ఉంటుంది.

మొక్కను పెకలిస్తే నడుమ కన్నులున్న తల్లి దుంప, దాని వేళ్ల చివర వేలాడే తెల్లని గడ్డలు కనిపిస్తాయి. ఈ వేరు గడ్డలకు కన్నులు ఉండవు కనుక ఎన్ని నాటినా మొలకెత్తవు. అందువల్ల గడ్డలను పిండికి తీసుకుని, తల్లి దుంపలో కన్నున్న ముక్కను తిరిగి మట్టిలో పెడితే మొక్క నశించదు. పెరటి సాగుకూ ఇదే ఆధారం.

విభజనకు జూన్ తొలకరి అనువైన కాలం. ఆరోగ్యంగా ఉన్న తల్లి దుంపను శుభ్రమైన కత్తితో, ప్రతి ముక్కకు ఒకటి రెండు కన్నులు ఉండేలా కోయాలి. మెత్తబడిన భాగాన్ని నిర్దాక్షిణ్యంగా తీసివేయాలి. దానిని ఉంచితే కుళ్లు మిగతా ముక్కలకూ పాకుతుంది. కోసిన చోట బూడిద అద్ది, ఒకటి రెండు రోజులు నీడలో ఆరనిచ్చి, కన్ను పైకి ఉండేలా మూడు వేళ్ల లోతున నాటాలి. ముక్కల మధ్య అడుగు దూరం ఉంటే చాలు. పైన ఎండుటాకులు కప్పితే తేమ నిలుస్తుంది.

మామిడి, ఇప్ప చెట్ల కింద పడే పలుచని నీడ దీనికి సరిపోతుంది. నీరు నిలిచే పల్లం మాత్రం పనికిరాదు. గుబురుగా పెరిగిన మొక్కను వేరొక చోటికి మార్చదలిస్తే వానాకాలం ఆరంభంలోనే, మబ్బు పట్టిన సాయంత్రం, వేరు చుట్టూ మట్టితో సహా తీయాలి. చల్లని దేశాల తోటలలో పేరొందిన హోస్టాను కూడా నీడలో పెంచి, ఇలాగే దుబ్బు చీల్చి నాటుతారు. అయితే దాని విశ్రాంతికి చలి కావాలి. తీఖుర్‌కు బస్తర్ పొడి కాలమే చాలు.

శీతకాలంలో ఆకులు పూర్తిగా ఎండిన తరువాతే తవ్వాలి. పచ్చి ఆకుతో తవ్వితే దుంపలో పిండి నిండి ఉండదు. దుంపలను కడిగి, చెక్కు తీసి, రాతిపై నూరి, నీటిలో కలిపి గుడ్డతో వడకడతారు. అడుగున పేరిన పిండిని చేదు పోయే వరకు మళ్లీ మళ్లీ నీరు మార్చి తేర్చి, ఎండబెడతారు. పిండి పనికి కూర్చోక ముందే విత్తనపు దుంపలను వేరు చేయడం మంచిది. వాటిని కడగకుండా, మట్టి అంటి ఉండగానే, గాలి తగిలే నీడలో ఇసుక కప్పి జూన్ వరకు దాచవచ్చు.