పెద్దవాళ్ళ రక్తంలో మొండి క్రిములు

ముసలితనంలో ఒంటికి రోగాన్ని తట్టుకునే శక్తి తగ్గుతుంది. మూత్రంలోనో, ఊపిరితిత్తుల్లోనో, పుండులోనో ఉన్న క్రిములు రక్తంలోకి చేరతాయి. అది ప్రాణాపాయం.

ఒక్కోసారి జ్వరం రాదు. మనిషి మత్తుగా పడి ఉంటాడు. పొంతన లేకుండా మాట్లాడతాడు. ఆయాసపడతాడు. మూత్రం తగ్గుతుంది. "వయసైపోయింది, అంతేలే" అనుకోవద్దు. వెంటనే పెద్దాసుపత్రికి తీసుకెళ్ళాలి.

కొన్ని క్రిములు మందుకు లొంగవు. ఎందుకని? చాలామంది జలుబుకు కూడా యాంటిబయాటిక్ బిళ్ళలు కొని మింగుతారు. ఒంట్లోని బలహీనమైన క్రిములు చస్తాయి. మొండివి మిగులుతాయి. అవే పెరుగుతాయి. పెన్సిలిన్ కనిపెట్టిన ఫ్లెమింగ్ 1945లోనే ఈ సంగతి హెచ్చరించాడు.

బిళ్ళల అట్ట మీద నిలువు ఎర్ర గీత ఉందా? అయితే డాక్టరు చీటీ లేకుండా కొనవద్దు. చెప్పినన్ని రోజులు వాడండి. మిగిలినవి ఇంకొకరికి ఇవ్వవద్దు.