కువైట్ ఎంత దూరం? ఎన్ని గంటలు?

కడప జిల్లా నుంచి, గోదావరి జిల్లాల నుంచి ఎందరో ఆడవాళ్లు ఇంటి పనికి కువైట్ పోతారు. బిడ్డ పోతే తల్లి ఇక్కడ ఉంటుంది. తల్లి పోతే బిడ్డలు ఇక్కడ ఉంటారు. ఇంట్లో వాళ్ల దగ్గర టికెట్టు నకలు ఒకటి ఉంటుంది. దాన్ని చదవడం వస్తే సగం బెంగ తీరుతుంది.

ఒక టికెట్టు ఇట్లా ఉందనుకుందాం. విమానం హైదరాబాదులో ఉదయం 10 గంటలకు లేస్తుంది. కువైట్‌లో పగలు 12 గంటల 15 నిమిషాలకు దిగుతుంది. అంటే రెండుంబావు గంటలేనా? తిరుగు టికెట్టు చూద్దాం. అక్కడ మధ్యాహ్నం 1 గంటకు లేచి, ఇక్కడ రాత్రి 7 గంటల 45 నిమిషాలకు దిగుతుంది. అంటే పావు తక్కువ ఏడు గంటలు! పోయేటప్పుడు అంత దగ్గరా? వచ్చేటప్పుడు ఇంత దూరమా?

దూరం మారలేదు. శంషాబాద్ విమానాశ్రయం నుంచి కువైట్ విమానాశ్రయానికి నేరుగా కొలిస్తే సుమారు 3,370 కిలోమీటర్లు. విమానం (తెలంగాణ పల్లెల్లో గాలిమోటరు అంటారు) గంటకు 800 కిలోమీటర్ల పైనే పోతుంది. పైకి లేవడానికి, కిందికి దిగడానికి, దారి వంపులకు కొంత సమయం కలపాలి. మధ్యలో ఆగకపోతే నాలుగున్నర, అయిదు గంటల్లో చేరుతుంది.

మరి తేడా ఎక్కడ? గడియారంలో ఉంది.

భూమి తన చుట్టూ తాను తిరుగుతుంది. అందుకే తూర్పున ఉన్న మనకు ముందు తెల్లవారుతుంది. పడమట ఉన్న కువైట్‌కు తరువాత తెల్లవారుతుంది. వాళ్ల గడియారం మన కంటే రెండున్నర గంటలు వెనక. మనకు పొద్దున 8 గంటలైతే అక్కడ ఇంకా అయిదున్నరే. అక్కడ పని ముగించుకుని రాత్రి 9 గంటలకు ఫోను చేస్తే ఇక్కడ పదకొండున్నర.

టికెట్టు మీద ఏ ఊరి టైము ఆ ఊరిదే వేస్తారు. కాబట్టి కువైట్ టైముకు రెండున్నర గంటలు కలుపుకోవాలి. అక్కడ 12 గంటల 15 నిమిషాలంటే మనకు 2 గంటల 45 నిమిషాలు. ఉదయం 10 నుంచి లెక్కిస్తే పావు తక్కువ అయిదు గంటలు. అంతవరకు ఫోను రాలేదని కంగారు పడనక్కర లేదు. తిరుగు ప్రయాణం కూడా ఇట్లాగే లెక్కిస్తే నాలుగుంబావు గంటలు వస్తుంది. అరగంట ఎందుకు తగ్గింది? చలికాలంలో ఆ దారిలో బాగా ఎత్తున పడమటి నుంచి తూర్పుకు పెద్ద గాలి వీస్తుంది. వచ్చే విమానాన్ని అది ముందుకు తోస్తుంది. పోయే విమానానికి ఎదురు తగులుతుంది.

నిజానికి కష్టమంతా నేల మీదే. కడప నుంచి హైదరాబాదు సుమారు 400 కిలోమీటర్లు. ఆకాశంలో పట్టే సమయం కంటే ఈ బస్సుకే ఎక్కువ సేపు పడుతుంది. విమానాశ్రయానికి మూడు గంటలు ముందే చేరాలి కూడా.

రాత్రి విమానమైతే తేదీ మరీ జాగ్రత్తగా చూడాలి. టికెట్టు మీద 15వ తేదీ, 00:40 అని ఉందనుకుందాం. రెండు సున్నాలంటే అర్ధరాత్రి 12. అంటే 14వ తేదీ రాత్రి పన్నెండు దాటాక 40 నిమిషాలకు విమానం లేస్తుంది. 14న రాత్రి తొమ్మిదిన్నరకే అక్కడ ఉండాలి. 15న రాత్రి పోతే ఆ విమానం వెళ్లిపోయి దాదాపు ఒక రోజు అవుతుంది.